బళ్ళారి నాటక సభలు: సరిహద్దు సీమలో తెలుగు కూడలి

ఉపోద్ఘాతము

ఒక జాతి సంస్కృతి గ్రంథములలో నిలుచును, దేవాలయములలో నిలుచును, రాజాస్థానములలోను నిలుచును. కాని దాని నిత్యజీవనమునకు ఇవి చాలవు. సాయంకాలము పని ముగించుకొని పదిమంది ఒకచోట కూర్చుండి, తమ మాట తామాడుకొని, తమ పాట తాము పాడుకొని, తమ పూర్వుల కథ తాము విని, నవ్వియో కంటతడి పెట్టియో ఇండ్లకు మరలిపోవుటకు ఒక తావు కావలెను. ఆ తావు ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రూపమున లభించినది. తెలుగు పల్లెలో అది రచ్చబండ. అది భజన మందిరము. ఐర్లండు వారికి అది వీధి మలుపున నుండు పానశాల, పబ్ అని లోకమంతట పేరొందినది. బళ్ళారి పట్టణమున పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున తెలుగువారికి లభించిన తావు నాటక సభ.

పానశాలకును నాటక సభకును పొత్తేమి యని తోచవచ్చును. ఒకచోట మద్యము పాత్రలలో నుండును. రెండవచోట పద్యము పాత్రల నోట నుండును. అయినను ఈ రెంటి చరిత్రలను ప్రక్క ప్రక్కన నుంచి చూచినపుడు ఒక సత్యము గోచరించును. అనాదిగా వచ్చిన ఆచారమని లోకము తలచునది పలుమారు నడిబొడ్డున గాక అంచున పుట్టినది. తన భాష తనకు సహజముగ చెవిని పడుచున్నంతకాలము మనుష్యుడు దానికై ఇల్లు కట్టడు. పరభాష నడుమ నిలిచినపుడే ఆ ఇంటి యవసరము తెలియును. ఈ సత్యమునకు బళ్ళారి మంచి నిదర్శనము.

ఐర్లండు పానశాల కథ

నేడు ఐరిష్ సంస్కృతి యనగానే పానశాలలో బల్లచుట్టు చేరి వాయులీనము, పిల్లనగ్రోవి వాయించు గాయకులు కన్నుల గట్టుదురు. వేదిక లేదు, టిక్కెట్టు లేదు. వచ్చినవాడు వాద్యము విప్పి కలియును. ఇది వేయేండ్ల నాటి సంప్రదాయమని పలువురి నమ్మకము. కాని ఐర్లండు పల్లెలలో పూర్వము సంగీతము వంటయింటి పొయ్యి ప్రక్కను, నాలుగు దారుల కూడలియందును వర్ధిల్లెనే కాని పానశాలలో అంతగా లేదు. పల్లె పానశాల తరచుగ కిరాణా దుకాణము కూడ. వార్తలు వినుటకు, బేరము కుదుర్చుకొనుటకు జనులు అచ్చట చేరెడివారు. 1935లో ఐర్లండు ప్రభుత్వము చేసిన నృత్యశాలల చట్టము వలనను, మతాచార్యుల నిరసన వలనను ఇండ్లలోని ఆటపాటలు సన్నగిల్లెను.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము వేలకొలది ఐరిష్ యువకులు కట్టడపు పనులకై లండను చేరిరి. వారు అద్దె గదులలో నుండిరి. ఆ గదులలో నలుగురు కూర్చుండుటకు చోటు లేదు. అందుచే క్యామ్డెన్ టౌన్, కెంటిష్ టౌన్ పేటలలోని పానశాలలు వారికి వంటయిండ్లయ్యెను. 1940 దశాబ్ది చివరి భాగమున అచ్చటనే ఈ కూడి వాయించు పద్ధతి రూపు దాల్చెనని సంగీత చరిత్రకారులు చెప్పుదురు. 1951లో ముల్లింగార్ పట్టణమున స్థాపితమైన సంగీత పరిషత్తు ఏటేట ఉత్సవములు జరుపగా ఆ పద్ధతి మాతృదేశమున కూడ పాదుకొనెను. ఇంతకన్న వింత యేమన, సెయింట్ ప్యాట్రిక్ పండుగనాడు ఐర్లండు స్వతంత్ర రాజ్యమున పానశాలలు 1927 నాటి చట్టముచే మూసియుండెడివి. 1960 నాటి చట్టముతో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ పండుగను పానశాలలో జరుపుకొనుట ప్రవాసులు పెంచిన వాడుక. జాతి యింటిలో లేనిది వలసవాడలో పుట్టి, తిరిగి ఇల్లు చేరినది.

దత్తమండలమున బళ్ళారి

బళ్ళారి తెలుగువారు వలసపోయినవారు కారు. వారున్నచోటనే తరతరములుగ నుండిరి. అయినను వారి స్థితి నడిబొడ్డున నున్నవారి స్థితి కాదు. 1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. థామస్ మన్రో 1807 వరకు దత్తమండలమునకు ప్రధాన కలెక్టరుగ నుండెను. 1808లో మండలము బళ్ళారి, కడప జిల్లాలుగ చీలెను. 1882లో అనంతపురము వేరు జిల్లా అయ్యెను. అటుపిమ్మట మిగిలిన బళ్ళారి జిల్లాలో పడమటి తాలూకాలు కన్నడ ప్రధానములు. తూర్పు తాలూకాలలో తెలుగు బలముగ నుండెను. నడుమనున్న బళ్ళారి పట్టణము ఉభయ భాషలకు కూడలి. ఉర్దూ, మరాఠీ, తమిళములు కూడ బజారులో వినవచ్చెడివి.

హైదరాలీ కాలమున బలపడిన కోట, కోటక్రింద దండు, జిల్లా కచేరి, న్యాయస్థానములు, రైలుదారి, ప్రత్తి వ్యాపారము: ఇవి యన్నియు కలిసి బళ్ళారిని విద్యావంతుల పట్టణముగ జేసెను. అందు వకీళ్ళు ముఖ్యులు. పగలు న్యాయస్థానమున ఇంగ్లీషులో వాదించి, బజారున కన్నడమాడి, ఇంట తెలుగు మాటాడు గృహస్థుడు బళ్ళారిలో సామాన్యుడు. వానికి సాహిత్య రుచి కలదు; సంగీత రుచి కలదు. కాని ఆ రుచిని పోషించుటకు విజయనగరము, వేంకటగిరి వంటి సంస్థానము బళ్ళారిలో లేదు. రాజు లేనిచోట సభ్యుడే పోషకుడు కావలసివచ్చెను. నాటక సభ పుట్టుకకు ఇది మూలకారణము.

సరసవినోదినీ సభ

తెలుగున నాటక ప్రదర్శనమునకు తొలి యత్నము బళ్ళారిలో జరిగినది కాదు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు తన విద్యార్థులచే ప్రహసనమును ఆడించెను. ఆ ప్రాంతముననే ధార్వాడ నాటక సమాజము తెలుగు దేశమున సంచరించి యువకులకు నాటకముపై మోహము గలిగించెను. అయితే ఒక సమాజమును నెలకొల్పి, దానికై నాటకములను వరుసగ వ్రాసి, తానే శిక్షణ యిచ్చి, తానే నటించి, పరరాష్ట్రముల వారికి సైతము మార్గము చూపిన గౌరవము బళ్ళారిలో వకీలుగ నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారికి చెల్లును.

ఆచార్యులవారు 1853లో జన్మించిరి. 1886లో బళ్ళారిలో సరసవినోదినీ సభను స్థాపించిరి. వారి చిత్రనళీయము 1887లో ప్రదర్శింపబడెను. ప్రమీలార్జునీయము, ప్రహ్లాద, పాదుకాపట్టాభిషేకము, విషాద సారంగధర మొదలగు నాటకములు క్రమముగ వెలువడెను. సంస్కృత నాటక మర్యాదలో శోకాంతము నిషిద్ధము. ఆ నిషేధమును దాటి విషాద సారంగధరమును శోకముతో ముగించుట ఆనాడు సాహసము. పద్యముల నడుమ పాటలు చేర్చుట, అంకములను రంగములుగ విభజించుట కూడ వారు ప్రబలపరచిన పద్ధతులు. 1912లో దివంగతులగు నాటికి వారికి ఆంధ్ర నాటక పితామహుడను పేరు స్థిరపడియుండెను.

విషాద సారంగధరమును గూర్చి ఇంకొక మాట చెప్పవలసియున్నది. సారంగధరుని కథ రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని పేరుతో ముడివడినది. గోదావరి తీరపు ఆ కథ తుంగభద్రా ప్రాంతమున కన్నీరు పెట్టించెను. బళ్ళారి ప్రేక్షకునకు గోదావరి దూరము, ధార్వాడ దగ్గర. అయినను రంగస్థలము మీద రాజరాజు దుఃఖించునపుడు ఆ దూరము కనబడలేదు. పటమున దూరములైన తావులను సభ దగ్గర చేసినది.

1891లో సరసవినోదినీ సభవారు మద్రాసునకు పోయి విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకములాడిరి. ఆ ప్రదర్శనములను చూచినవారిలో పమ్మల్ సంబంధ మొదలియారను తమిళ యువకుడొకడు. చదువుకొన్న గృహస్థులు గౌరవముతో నాటకమాడవచ్చునని అతనికి అచ్చట తోచెను. ఆ యేటనే అతడు మిత్రులతో గూడి సుగుణ విలాస సభను స్థాపించెను. ఆధునిక తమిళ నాటకమునకు మూలమైన సభ యదియే. ఒక సరిహద్దు పట్టణపు తెలుగు సభ రాజధానీ నగరపు తమిళులకు దారి చూపుట చరిత్రలో చిన్న విషయము కాదు.

సుమనోరమ సభ

సరసవినోదినికి దీటుగ బళ్ళారిలో వెలసిన రెండవ సభ సుమనోరమ. దీనికి ప్రాణము కోలాచలము శ్రీనివాసరావుగారు. వీరును వకీలే. 1854లో హంపి చెంతనున్న కమలాపురమున జన్మించిరి. విజయనగర శిథిలముల ప్రక్కన పుట్టినవాడు చరిత్రను మరువజాలడు. ఆచార్యులవారు పురాణకథలను ఎక్కువగ చేపట్టగా శ్రీనివాసరావుగారు చరిత్రను రంగస్థలమున కెక్కించిరి. వారి విజయనగర రాజ్య పతనము 1565 నాటి మహాయుద్ధమును, రామరాయల పతనమును ఇతివృత్తముగ గొన్నది. చాంద్ బీబీ మొదలగు ఇతర చారిత్రక నాటకములును వారు రచించిరి. 1908లో ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషున వెలువరించిరి. తన యూరి రంగస్థలమును గ్రీకు, రోమను, చీనా రంగస్థలములతో పాటు ఒకే లోకమున చేర్చి చూచిన దృష్టి వారిది. 1919లో వారు కీర్తిశేషులైరి.

విజయనగర రాజ్య పతనము బళ్ళారి ప్రేక్షకులకు పరాయి కథ కాదు. హంపి నాటి బళ్ళారి జిల్లాలోని హోసపేట తాలూకాలోనే యున్నది. ఆ రాజ్యము కన్నడిగులు తమదందురు, తెలుగువారు తమదందురు, ఇద్దరి మాటయు నిజము. దాని పతనమును తెలుగు పద్యములలో వినుచు కన్నీరు విడిచిన సభలో కన్నడము మాతృభాషగ గలవారును ఉండిరి. ఉభయులకు ఉమ్మడియగు దుఃఖమును ఎన్నుకొనుట రచయిత వివేకము.

రెండు సభల నడుమ స్పర్థ యుండెను. ఊరు రెండు పక్షములుగ చీలి తమ సభను మెచ్చుకొనుచుండెను. ఈ స్పర్థ కళకు కీడు చేయలేదు. ఒకరు పౌరాణికమున మేటియైన, వేరొకరు చారిత్రకమున మేటి కావలెనని పట్టుబట్టిరి. ఐర్లండు పల్లెలలోను ఒకే వీధిలో రెండు పానశాలలుండి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క బృందము విధేయులై యుండుట కలదు. పొరుగువారి మాత్సర్యము అదుపు మీరనంతవరకు సంస్కృతికి ఎరువు వంటిది.

సభ నడచిన తీరు

ఈ సభలు వృత్తి నాటక సమాజములు కావు. సురభివారి వలె కుటుంబమంతయు నాటకముపై బ్రతుకుట యిచ్చట లేదు. సభ్యులు చందాలు వేసికొనెడివారు. వకీలు, గుమాస్తా, ఉపాధ్యాయుడు, వర్తకుడు పగటి పని తీరిన పిదప చేరి, పాఠము చదివి, పద్యము నేర్చి, హార్మోనియముతో పాట కట్టి, వారముల తరబడి అభ్యాసము చేసిన మీదట ఒక రాత్రి ప్రదర్శనము. ప్రదర్శనము ఒక్క రాత్రిదే; కాని కూడిక ఎన్నో సాయంకాలములది. సంస్కృతి నిలిచినది ఆ సాయంకాలములందే. అచ్చట తప్పు ఉచ్చారణను పెద్దలు దిద్దిరి. సంధి విడదీసి అర్థము చెప్పిరి. ఇంట కన్నడము వినిన బాలుడు తెలుగు పద్యము కంఠస్థము చేసెను.

ఇట్టి కూడిక వట్టి నాటకమునకే పరిమితము గాదు. మద్రాసున సుగుణ విలాస సభ తరువాతి కథ దీనిని తెలుపును. నాటకములు సన్నగిల్లిన తరువాతను అది మౌంట్ రోడ్డున సభ్యుల క్లబ్బుగ నిలిచినది. నాటకము పోయిన తరువాత నిలిచినది కూడికయే. ఆనాటి సభలలో సగపాలు నాటకము, సగపాలు స్నేహము. పానశాలలో మద్యము ఎట్లో సభలో నాటకము అట్లు: చేరుటకు నెపము. అయితే నెపమును గొప్పగ సాధించినపుడు అది తానే ప్రయోజనమగును. బళ్ళారిలో జరిగినది అదియే.

ఈ సభలకు లోపములు లేకపోలేదు. స్త్రీలకు రంగస్థలమున చోటు లేదు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించిరి. సభ్యులలో విద్యావంతులు, అగ్రవర్ణముల వారు ఎక్కువ. రైతుకు, కూలికి, చర్మకారునకు ఈ సభలో ఆసనము దొరుకుట అరుదు. వారి సంస్కృతి వేరు తావులలో వర్ధిల్లెను: బయలాటలో, తోలుబొమ్మలాటలో, పీర్ల పండుగలో. ఆ తావులు సభకన్న ప్రాచీనములు, సభకన్న విశాలములు. బళ్ళారి సీమలో తోలుబొమ్మలవారు ఊరిని బట్టి తెలుగునను కన్నడమునను కథ చెప్పెడివారు. వకీళ్ళ సభ ఉభయభాషా మర్యాదను సృష్టింపలేదు. అది పల్లెలో అదివరకే యున్నది. సభ దానికి పట్టణ వేషము తొడిగినది.

బళ్ళారి రాఘవ

సభల ఫలము రాఘవ. తాడిపత్రి రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ఆయనకు మేనమామ. న్యాయశాస్త్రము చదివి బళ్ళారిలో వకీలై, పబ్లిక్ ప్రాసిక్యూటరుగను పనిచేసెను. యౌవనముననే బళ్ళారిలో షేక్స్‌పియరు క్లబ్బును నెలకొల్పి ఇంగ్లీషు నాటకములాడెను. మేనమామగారి హిరణ్యకశిపుడును, శ్రీనివాసరావుగారి పఠాన్ రుస్తుమును ఆయన పేరును దేశమంతట వ్యాపింపజేసెను. ఒక సభ ఆయనకు కుటుంబము; రెండవ సభ ఆయనకు పాత్ర నిచ్చినది. రెండు సభల స్పర్థ ఆయనయందు సమసిపోయెను.

రాఘవ తెలుగున, కన్నడమున, హిందీలో, ఇంగ్లీషున నటించెను. ఒక నటుడు నాలుగు భాషలలో నటించుట బళ్ళారిలో పుట్టినవానికి వింత కాదు. అది ఆ యూరి బజారు భాష. రాగము తీసి పద్యము సాగదీయుటనే నటన యని ప్రేక్షకులు మెచ్చుకొనుచున్న కాలమున, భావమునకు రాగము లోబడవలెనని ఆయన పట్టుబట్టెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి ఊరకుండక, గౌరవ కుటుంబముల స్త్రీలను రంగస్థలమునకు తెచ్చెను. కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో నటించినవారిలో ప్రముఖురాలు. పాకాల వేంకట రాజమన్నారు రచించిన తప్పెవరిది వంటి సాంఘిక నాటకములను ఆయన ప్రదర్శించెను. ఈ విధముగ తొలి సభలకు గల లోపములలో ఒకదానిని ఆ సభలలో పెరిగినవాడే దిద్ద యత్నించెను.

ఆయన చలనచిత్రములలోను నటించెను. 1939 నాటి రైతుబిడ్డ వానిలో నొకటి. అయినను మనస్సు రంగస్థలముననే యుండెను. 1946 ఏప్రిల్ 16వ తేదీన బళ్ళారిలోనే కన్నుమూసెను. నగరములు పిలిచినను సరిహద్దు పట్టణమును వీడని వాడని ఆయనను చెప్పవచ్చును.

ఐర్లండుతో పొత్తు

1928లో రాఘవ ఇంగ్లండునకు పోయి జార్జి బెర్నార్డ్ షాను కలిసికొనెను. షా డబ్లినున 1856లో పుట్టిన ఐరిష్ వాడు, లండనున పేరొందినవాడు. ఇరువురును అంచున పుట్టినవారే. ఇరువురును పాలకుల భాషలో ప్రావీణ్యము సంపాదించినవారే.

ఐర్లండు నాటకోద్యమమునకును రాయలసీమకును ఇంకొక పొత్తు కలదు. జేమ్స్ కజిన్స్ అను బెల్ఫాస్టు కవి 1902లో డబ్లినున ఫే సోదరుల నాటక బృందముతో పనిచేసెను. ఆ బృందము ఆయన నాటకమును ఆడెను. ఆ బృందము నుండియే 1904లో ఆబీ నాటకశాల రూపొందినది. ఆ కజిన్స్ 1915లో భారతదేశమునకు వచ్చి, పిమ్మట మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో అధ్యాపకుడయ్యెను. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చినపుడు జనగణమన గీతమునకు స్వరములు గుర్తించి వ్రాసినది ఆయన భార్య మార్గరెట్ కజిన్స్. డబ్లిను రంగస్థలపు దీపపు వెలుగు దత్తమండలపు నేలమీద పడినదనుట అతిశయోక్తి కాదు.

కాలక్రమమును పరిశీలించిన ఇంకొకటి తెలియును. ఐరిష్ భాషోద్ధరణకై గేలిక్ లీగు 1893లో పుట్టెను. ఐరిష్ సాహిత్య నాటకశాల 1899లో వెలసెను. బళ్ళారి సరసవినోదిని 1886 నాటిది. ఈ సభ వారిని అనుకరించినది కాదు. ఒకే సామ్రాజ్యము క్రింద, ఒకే ఇంగ్లీషు చదువు నడుమ, రెండు దూరసీమలు తమంత తాము ఒకే యుపాయమును కనుగొనెను. భేదమొక్కటి కలదు. ఐర్లండు నాటకశాల ఆడినది ఎక్కువగ ఇంగ్లీషున; ఐరిష్ భాష నానాట సన్నగిల్లెను. బళ్ళారి సభ తన భాషలోనే ఆడినది. ఐరిష్ వారికి పాట మిగిలెను, భాష చాలవరకు జారిపోయెను. బళ్ళారి తెలుగువారికి ఈ దృష్టాంతము హెచ్చరికయు నగును, ఊరటయు నగును.

గీత గీసిన దినము

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. ఆనాడే బళ్ళారి జిల్లా చీలెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చెను; మొదటి రెండును కర్నూలు జిల్లాలోను, రాయదుర్గము అనంతపురము జిల్లాలోను చేరెను. మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రమున కలిసెను. బళ్ళారి తాలూకా విషయమున వివాదము తీవ్రమైనందున హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్. ఎస్. మిశ్రా విచారణ జరిపి నివేదిక సమర్పించెను. దానిని అనుసరించి ఆ తాలూకా మైసూరునకు పోయెను. 1955లో రాష్ట్ర పునర్విభజన సంఘము తుంగభద్రా ప్రాజెక్టును ముఖ్యముగ గమనించి బళ్ళారి, సిరుగుప్ప, హోసపేట తాలూకాలను, మల్లాపురము ఉపతాలూకాలో కొంతభాగమును ఆంధ్రమున కలుపవలెనని సూచించెను. ఆ సూచన అంగీకరింపబడలేదు. 1956 నాటి పునర్విభజనమున బళ్ళారి మైసూరులోనే నిలిచెను.

ఈ గీత ఉభయులను నొప్పించెను. బళ్ళారిలో తెలుగువారు, ఆదవాని, ఆలూరు, రాయదుర్గములలో కన్నడిగులు గీతకు ఆవలి వైపున నిలిచిరి. తమ ఊరిలో నుండియే పరరాష్ట్రవాసులగుట వారికి సంభవించెను. పాఠశాల, కచేరి, ఉద్యోగము ఒక భాషకు మరలినపుడు రెండవ భాష ఇంటికి పరిమితమగును. ఇంటికి మాత్రమే పరిమితమైన భాష రెండు తరములలో చదువ నేర్వనిదగును. మూడవ తరమున తడబడును. దీనికి ప్రభుత్వముల మీద నింద మోపుటకన్న, ఇంటికిని కచేరికిని నడుమ నుండవలసిన మూడవ తావును గూర్చి ఆలోచించుట మేలు. పూర్వము బళ్ళారికి ఆ తావు ఉండెను. దానిని ఏ ప్రభుత్వమును కట్టలేదు.

గీతలు గీచిన పిమ్మటను రాఘవ పేరు ఎవరికిని పరాయి కాలేదు. బళ్ళారిలో రాఘవ కళామందిరము వెలసినది. ఆయన పేరిట స్మారక సంఘమును ఏర్పడినది. కన్నడ గమకియు నాటకకర్తయు నగు జోళదరాశి దొడ్డనగౌడ రాఘవను గురువుగ భావించినవాడు; ఆయన పేరిట బళ్ళారిలో రంగమందిరము కలదు. తెలుగు నటుని పేరిట ఒక మందిరము, ఆయనను పూజించిన కన్నడ కవి పేరిట ఇంకొక మందిరము ఒకే యూరిలో నుండుట బళ్ళారికి తగిన గౌరవము. 1981లో భారత తపాలా శాఖ రాఘవ స్మారకముగ బిళ్ళను వెలువరించెను. 2014లో పట్టణము పేరు అధికారికముగ బళ్ళారి యైనది. 2021లో హోసపేట కేంద్రముగ విజయనగర జిల్లా వేరుపడగా, శ్రీనివాసరావుగారు పుట్టిన కమలాపురము ఆ జిల్లాలోనికి పోయినది. జిల్లాల గీతలు మారుచునే యున్నవి. నాటకముల పేళ్ళు మారలేదు.

ఉపసంహారము

బళ్ళారి నాటక సభల చరిత్రను తెలుగు రంగస్థల చరిత్రలో తొలి అధ్యాయముగ వ్రాయుట వాడుక. అది న్యాయమే; కాని అది సగము మాత్రమే. ఆ యధ్యాయము గోదావరి, కృష్ణా మండలములలో గాక, తెలుగు ఒంటరిగ లేని చోట ఎందుకు వ్రాయబడెనను ప్రశ్నయే మిగిలిన సగము. కన్నడము ప్రక్కన నున్నందున తెలుగు తన్ను తాను చూచుకొన్నది. ధార్వాడ సమాజముల వైభవము కన్నులకు కట్టినందున తనకును ఒక రంగస్థలము కావలెనని కోరినది. పొరుగువాడు శత్రువు కాలేదు, అద్దమైనాడు.

లండను పానశాలలో ఐరిష్ కూలివాడు వాయులీనము విప్పిన రాత్రి, బళ్ళారిలో వకీలు కోటు విప్పి హిరణ్యకశిపుని కిరీటము ధరించిన రాత్రి, చరిత్ర దృష్టిలో ఒక జాతివే. ఇద్దరును పగలంతయు పరుల భాషలో పని చేసినవారు. ఇద్దరును రాత్రికి తమ యింటికి వచ్చినారు. ఆ యిల్లు తాము కట్టుకొన్నది. ఐరిష్ వారు ఆ యింటిని నిలుపుకొన్నారు. తలుపు తెరచియుండుటయు, కొత్తవానికి బల్ల దగ్గర చోటిచ్చుటయు, పెద్దవాని ప్రక్కన పిల్లవాడు కూర్చుండి నేర్చుకొనుటయు అందుకు కారణములు. బళ్ళారి సభలు తమ వైభవ కాలమున ఈ మూడింటిలో మొదటి రెంటిని కొంతవరకు, మూడవదానిని పూర్తిగ పాటించినవి. మేనమామ ప్రక్కన మేనల్లుడు నేర్చుకొన్నాడు. అందుచే రాఘవ కలిగినాడు.

రాజ్యములు గీతలు గీయును. అది వాని పని. గీతకు ఏ వైపున నున్నను ఒక దీపము వెలిగించి, ఒక చాప పరచి, ఒక పద్యము నెత్తుకొనుట జనుల పని. సంస్మరణములకు మందిరములున్నవి, బిళ్ళలున్నవి. కాని ధర్మవరము, కోలాచలము వారల సభలకు నిజమైన స్మారకము ఏదో ఒక వీధిలో సాయంకాలమున చేరు పదిమంది మాత్రమే. అందు ఒకడు కన్నడమున పాడినను, ఒకడు తెలుగున బదులు చెప్పినను, అది బళ్ళారి సంప్రదాయమునకు భంగము కాదు. ఆ సంప్రదాయము మొదటి నుండియు అట్టిదే.